అండమాన్ యాత్రలో ముందు చూసుకోవలసినవి హోటళ్లు కావు, ఓడ టికెట్లు

భార్య, పదేళ్ల బాబు, అమ్మగారితో కలిసి విజయవాడ నుంచి జనవరిలో ఆరు రోజులు అండమాన్ వెళ్లాలనుకుంటున్నామని, ఏజెంట్లు చెప్పే ప్యాకేజీ ధర మా శక్తికి మించి ఉందని, సొంతంగా వెళితే ఎక్కడ ఆదా అవుతుందో చెప్పమని మీరు అడిగారు. మేము కుటుంబంతో 2018 నవంబరులోను, 2023 ఫిబ్రవరిలోను వెళ్లి వచ్చాము. మొదటిసారి చేతులు కాల్చుకున్నాము కనుకనే రెండోసారి చాలా తక్కువలో తిరిగి రాగలిగాము.

మొదటిసారి మేము అందరిలాగే ముందు హోటళ్లు చూసుకున్నాము. కానీ అక్కడ మీ రోజులను నిర్ణయించేది దీవుల మధ్య తిరిగే ఓడల వేళలే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ దీవికి, అక్కడి నుంచి నేరుగా నీల్ దీవికి, నీల్ నుంచి వెనక్కి పోర్ట్ బ్లెయిర్‌కు అనే క్రమంలో వెళితే మూడు ప్రయాణాలతో సరిపోతుంది, అయినా నలుగురికీ కలిపి పన్నెండు టికెట్లు అవుతాయి. ప్రైవేటు ఓడలో ఒక్కొక్క ప్రయాణానికి మనిషికి వెయ్యి రూపాయలు దాటుతుంది, ప్రభుత్వ ఓడలో కొన్ని వందలతో పోతుంది. తేడాను పన్నెండుతో గుణించి చూడండి, హోటల్ గది అద్దెలో బేరమాడి మిగుల్చుకునేది దాని ముందు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ప్రభుత్వ ఓడ కాస్త నెమ్మదిగా నడుస్తుంది, సీట్లు సాదాగా ఉంటాయి, అంతకు మించి ఇబ్బంది లేదు. అయితే దాని టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు, త్వరగా అయిపోతాయి. అందుచేత రెండోసారి మేము హేవ్‌లాక్ వెళ్లే టికెట్లను ప్రైవేటు ఓడలో ముందే కొనిపెట్టుకుని, మిగిలిన రెండు ప్రయాణాలకు ప్రభుత్వ ఓడలో ప్రయత్నించాము, రెండూ దొరికాయి. పెద్దావిడ, పిల్లవాడు వెంట ఉన్న మీకు కూడా ఈ పద్ధతే నయమని నా అభిప్రాయం.

ఇక 2018లో జరిగినది చెబుతాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు విమానం మధ్యాహ్నం కదా అని అదే రోజు ఉదయం హేవ్‌లాక్ నుంచి బయలుదేరేటట్లు పెట్టుకున్నాము. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడే కాలమన్న సంగతి మాకు తట్టలేదు. సముద్రం బాగాలేదని ఆ ఉదయం ఓడలన్నీ ఆపివేశారు, మేము విమానం అందుకోలేకపోయాము, అప్పటికప్పుడు నలుగురికీ మళ్లీ టికెట్లు కొనడానికి అయిన సొమ్ము మొత్తం యాత్రలో మేము పొదుపు చేసిన దానికంటె ఎక్కువ. జనవరిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది, అయినా ఆఖరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేటట్లు చూసుకోండి. ఆ ఒక్క రాత్రి అద్దెను దండుగ అనుకోకండి.

విశాఖపట్నం నుంచి ఓడలో వెళితే చవక అని మీకు చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. దాదాపు 1,200 కిలోమీటర్ల ఆ దారిలో బంకు తరగతి టికెట్టు విమానం కంటె ఎంతో తక్కువ. కానీ ఆ ఓడ రోజూ ఉండదు, వెళ్లడానికి సుమారు మూడు రోజులు, రావడానికి అంతే పడుతుంది. ఆరు రోజుల సెలవుతో, పెద్దావిడతో, అది కుదరదు. విమానమే ఎక్కండి, టికెట్లు ఈ వారమే తీసుకోండి, మా రెండో యాత్రలో మొత్తం ఖర్చులో సగం విమానాలకే అయింది.

దీవులలో గదులు, భోజనాలు పెద్ద సమస్య కాదు. హేవ్‌లాక్‌లో సముద్రం ఒడ్డున కాకుండా ఊరి లోపలి వైపు గది తీసుకుంటే అద్దె బాగా తగ్గుతుంది. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్‌కు ప్రభుత్వ బస్సు ఉంది, దాని వేళలు దిగగానే కనుక్కోండి. జనవరిలో అక్కడ సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు కనుక, మన లెక్క ప్రకారం తీరికగా బయలుదేరితే బీచ్ చేరేసరికి చీకటి పడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. అబర్డీన్ బజారులో ఒక చిన్న దుకాణంలో తెలుగులో అడిగినందుకే మాకు మంచి భోజనం దొరికే చోటు తెలిసింది.

బారాటాంగ్ దీవికి వెళ్లడం మానుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. తెల్లవారకముందే బయలుదేరాలి, వాహనం అద్దె ఎక్కువ, పైగా ఆ దారి జారవా అనే ఆదిమ తెగవారి రక్షిత ప్రాంతం గుండా పోతుంది, వారు నివసించే చోటి మధ్యలోంచి కాన్వాయ్‌లో సాగిపోవడం నాకు మనస్కరించలేదు. ఆ రోజును నీల్‌కు ఇవ్వండి. అక్కడి సహజ శిలా వంతెన దగ్గర సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల గుంటలలో చేపలను, పీతలను, నక్షత్ర చేపలను బాబు కళ్లారా చూడవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. పోటు సమయంలో వెళితే ఏమీ కనిపించదు, కనుక ఆటుపోట్ల వేళలు హోటల్‌వారిని ముందు రాత్రే అడగండి. పగడపు ముక్కలను మాత్రం ఏరుకోనివ్వకండి, అది నేరం.

పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలును అక్కడ గడిపే ఆఖరి రోజుకు ఉంచుకోండి. ప్రవేశ రుసుము చాలా స్వల్పం. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడం ఏడు శాఖలలో ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన స్వాతంత్ర్య సమరయోధుడు ప్రతివాది భయంకర వెంకటాచారిని కూడా అక్కడికే పంపారు. పై అంతస్తుకు మెట్లు ఎక్కాలి కనుక అమ్మగారిని ఎండ ముదరకముందే, ఉదయం తలుపులు తీయగానే తీసుకువెళ్లండి.