మిడ్‌వైఫ్ డాప్లర్‌తో వింటే సరిపోతుందా, సీటీజీ మిషన్ పెట్టాల్సిందేనా?

మీ చెల్లెలికి ఎనిమిదో నెల అనీ, మిడ్‌వైఫ్‌లు కాన్పులు చేసే ఆసుపత్రిలో పేరు రాయించారనీ, అక్కడ పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వేగాన్ని తెర మీద చూపే సీటీజీ మిషన్‌ను నొప్పులు సాగినంతసేపూ ఉంచరని విని మీ అమ్మగారు కంగారు పడుతున్నారనీ రాశారు. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూంలో 11 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, ఆ తరువాత 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ పొంది, ఇప్పుడు అదే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

తల్లి ఆరోగ్యంగా ఉండి, నెలలు నిండి, నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు సీటీజీని నిరంతరం పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లోనే ఉంది. దానికి బదులు బిడ్డ గుండె చప్పుడును, పొట్ట మీద ఆనించి వినే చిన్న పరికరమైన చేతి డాప్లర్‌తో గాని, పాతకాలపు పినార్డ్ గొట్టంతో గాని, నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, ప్రతిసారీ కనీసం ఒక నిమిషం వినాలి. నొప్పి వస్తుండగా మొదలుపెట్టి, అది తగ్గాక కూడా అర నిమిషం వినడం ముఖ్యం. ఎందుకంటే బిడ్డ అలసిపోతున్న సంగతి ఎక్కువగా ఆ అర నిమిషంలోనే బయటపడుతుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటే మామూలు.

ఈ రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనాల్లో, నిరంతర సీటీజీ వల్ల పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సుమారు సగానికి తగ్గాయి. కానీ శిశుమరణాలు గాని, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం) గాని తగ్గినట్టు తేలలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. దానికి మిషనే కారణమని నేను అనను, ముహూర్తం రాయించుకుని వచ్చే కుటుంబాలను కూడా చూస్తూనే ఉన్నాను.

నా శిక్షణకు ముందు జరిగిన ఒక సంగతి చెబుతాను. రాత్రి రెండు గంటల వేళ, తొలిచూలు అమ్మాయి, ముఖద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది. బెల్టులు కదులుతాయని ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి ఉంచాం. నొప్పి తట్టుకోలేక పక్కకు తిరిగేసరికి తెర మీద 140 ఉన్న అంకె కాస్తా 90కి పడిపోయింది. నేనే పరుగున వెళ్లి డాక్టరును లేపాను, థియేటర్ సిద్ధం చేయమన్నాను, భర్త చేత సంతకం కూడా పెట్టించాం. అప్పుడు మాలో పెద్దావిడ, రిటైర్మెంట్‌కు దగ్గరపడిన నర్సు, "ముందు ఆ పిల్ల నాడి చూశారా అమ్మా?" అని అడిగారు. మణికట్టు పట్టుకుని చూస్తే, వేలి కింద నాడి, మిషన్ చప్పుడు ఒకే లయలో కొట్టుకుంటున్నాయి. బెల్టు జారి మిషన్ పట్టుకున్నది తల్లి గుండెను. డాప్లర్‌కు జెల్లీ రాసి బొడ్డు కింద ఎడమ పక్కన పెడితే 144 వినిపించింది. తెల్లవారేలోపు ఆమె మామూలుగానే కన్నది. దీనికి ఎదురు ప్రమాదం ఇంకా పెద్దది: ముక్కేటప్పుడు తల్లి నాడి 120 దాటవచ్చు, దాన్ని బిడ్డ గుండె అనుకుని నిశ్చింతగా ఉండిపోవచ్చు.

అలాగని మిషన్ అక్కర్లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తల్లికి బీపీ ఎక్కువగా ఉన్నా, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉన్నా, ఉమ్మనీరు పచ్చగా పోతున్నా, రక్తస్రావం గాని జ్వరం గాని ఉన్నా, ఇదివరకు పెద్దాపరేషన్ అయినా, నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ డ్రిప్ ఎక్కిస్తున్నా మేమే సీటీజీ పెడతాం, డాక్టరును పిలుస్తాం. ఒకసారి నొప్పి తగ్గాక కూడా బిడ్డ గుండె వంద దాటకపోవడం నా డాప్లర్‌లో వినిపించింది. వెంటనే మిషన్ పెట్టి చూసి అదే నిజమని తేలాక ఆపరేషన్‌కు పంపాం, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు.

కాబట్టి అమ్మగారిని ఆసుపత్రిలో "మిషన్ ఉందా?" అని కాకుండా, "రాత్రి షిఫ్టులో ఒక మిడ్‌వైఫ్ ఎంతమందిని చూస్తుంది?" అని అడగమనండి. పక్కనే కూర్చునే మనిషి లేకపోతే డాప్లర్ పద్ధతికి అర్థం లేదు. నలుగురికి ఒక్కరమే ఉన్న రోజుల్లో, వినకుండానే చార్టులో 140, 142 అని నింపిన రాత్రులు నాకూ ఉన్నాయి, ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. బిడ్డ గుండె, తల్లి నాడి రెండూ విడివిడిగా రాస్తున్నారో లేదో కూడా అడగవచ్చు. అవసరం పడితే అర్ధరాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా అన్నది కనుక్కోండి. అమ్మగారినే నొప్పుల వేళ తోడుగా లోపల ఉండనిస్తారేమో అడగండి. ఆమె కంగారు సగం అక్కడే తగ్గుతుంది.