ఇంట్లో ఎవరికీ లేని చెవుడు పాపకి ఎలా వచ్చింది?

"మా పాపకి ఏడాదిన్నర, పిలిస్తే పలకదు. మా రెండు వైపులా ఎవరికీ చెవుడు లేదు, మరి దీనికెలా వస్తుంది?" అని అడిగారు. మా బాబుకి పద్నాలుగు నెలలప్పుడు నేనూ ఇదే మాట అన్నాను.

ఆ రోజు వాడు బొమ్మ కారు తిరగేసి చక్రం తిప్పుకుంటున్నాడు. వెనకనుంచి స్టీలు గిన్నె నేలకేసి పడేశాను. చటుక్కున తిరిగాడు. హమ్మయ్య అనుకున్నాను. మా ఆవిడకి మాత్రం నమ్మకం కుదరలేదు. అదే గిన్నె చేత్తో ఎత్తి పట్టుకుని, నీడ కూడా వాడి మీద పడకుండా నిలబడి, గరిటెతో గట్టిగా కొట్టింది. వాడు చక్రం మీదనుంచి చూపు తిప్పలేదు. ఇందాక తిరిగింది నేల అదిరినందుకన్నమాట. తల్లి అనుమానం కంటే ముందు పసిగట్టే మిషన్ లేదని నా నమ్మకం.

తర్వాత బెరా పరీక్ష చేశారు, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష. నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి, చెవిలో టక్‌టక్ శబ్దాలు వినిపిస్తారు. 90 డెసిబెల్స్ దాకా పెంచినా తెరమీద గీత కదల్లేదు.

మా వాడి విషయంలో కారణం జీజేబీ2 అనే జన్యువు. ఈ జన్యువు ఒక్కొక్కరిలో రెండు కాపీలుంటుంది; లోపం ఉన్న కాపీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బిడ్డకి చెవుడు. రెండో కాపీ మంచిదే కాబట్టి అమ్మానాన్నలకి వినికిడి బాగానే ఉంటుంది. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో, శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు పదిహేను వేల దాకా ఉంటాయి. ఈ లోపంతో అవి దెబ్బతింటాయి, పోయినవి మళ్ళీ పుట్టవు. ఇంత స్పష్టంగా ఉంటే "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో" అని తల్లిని నిలదీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి పిల్లాడి మొహం ముందు చప్పట్లు కొట్టి "వింటున్నాడుగా!" అనేవాళ్ళు ఇంకో రకం.

"మగపిల్లలకి మాటలు ఆలస్యం, రెండేళ్ళు చూడండి" అని ఒక డాక్టరే అన్నారు. ఆ మాట వింటే ఏమయ్యేదో! మెదడు మాట నేర్చుకునేది ఈ మొదటి ఏళ్ళలోనే. రోమకణాలు పోయినా వెనకున్న నరం చాలామందికి పనిచేస్తూనే ఉంటుంది, ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం నేరుగా ఆ నరానికే కబురు పంపుతుంది.

ఈ వారమే బెరా చేయించండి. పుట్టినప్పటి పరీక్షలో పాసైనా సరే చేయించండి. జన్యు పరీక్ష తర్వాతైనా చేయించుకోవచ్చు, దానికోసం ఆగొద్దు.