ఫ్యూజన్ కేంద్రానికి అణు లైసెన్సు అవసరం లేదంటే చుట్టుపక్కలవారికి రక్షణ లేనట్టేనా?

ప్రశ్న: మేము కొన్నేళ్లుగా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉంటున్నాం. వెస్ట్ బర్టన్‌లో మూతపడిన బొగ్గు విద్యుత్ కేంద్రం స్థలంలో ‘స్టెప్’ అనే ఫ్యూజన్ విద్యుత్ కేంద్రం రానుంది. దానికి కొద్ది మైళ్ల దూరంలో ఇల్లు కొనాలనుకుంటున్నాం. ఇలాంటి కేంద్రాలకు అణు లైసెన్సు అక్కర్లేదని చట్టమే చెబుతోందట. అలాగైతే భద్రతను చూసేదెవరు? ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారు?

జవాబు: మీరు విన్నది నిజమే. 2023 నాటి ఎనర్జీ చట్టంలోని 156వ సెక్షను ఫ్యూజన్ కేంద్రాలను 1965 నాటి న్యూక్లియర్ ఇన్‌స్టలేషన్స్ చట్టం కింద లైసెన్సు తీసుకోవలసిన అవసరం నుంచి మినహాయించింది. అయితే ఆ లైసెన్సు లేనంతమాత్రాన కేంద్రంపై చట్టపరమైన అదుపు ఉండదని అర్థం కాదు. మీ మొదటి ప్రశ్నకు ధైర్యంగానే జవాబు చెప్పగలను. రెండోదాని విషయంలో మాత్రం మీరు జాగ్రత్తపడాలి.

1965 చట్టం యురేనియం కేంద్రకాలు చీలే రియాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. అక్కడ గొలుసు చర్యను అదుపులో ఉంచాలి, రియాక్టరును ఆపిన తరువాత కూడా పుడుతూ ఉండే వేడిని తొలగిస్తూనే ఉండాలి. తేలికైన కేంద్రకాలు కలిసిపోయే ఫ్యూజన్‌లో, అంటే కేంద్రక సంలీనంలో, గొలుసు చర్య ఉండదు. చర్య జరిగే అతి వేడి వాయువులో, అంటే ప్లాస్మాలో, ఒక సమయంలో ఉండే ఇంధనం కొద్ది గ్రాములే కాబట్టి, పరిస్థితి ఏమాత్రం చెదిరినా చర్య తనంతట తానే ఆగిపోతుంది. కానీ ఇంధనంలో ఒకటైన ట్రిటియం (హైడ్రోజన్‌లో ఒక రకం) రేడియోధార్మిక పదార్థం, దాని అర్ధాయువు సుమారు 12.3 సంవత్సరాలు, అది నీటిలో కలిసి శరీరంలోకి చేరగలదు. పైగా సంలీనంలో వెలువడే న్యూట్రాన్లు యంత్రపు గోడలను కూడా రేడియోధార్మికంగా మారుస్తాయి. అంటే ప్రమాదం తక్కువే తప్ప లేకపోలేదు.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కల్హామ్‌లో ‘జెట్’ ఫ్యూజన్ ప్రయోగ యంత్రం 1983 నుంచి 2023 డిసెంబరు వరకు, ట్రిటియం వాడిన ప్రయోగాలతో సహా, అణు లైసెన్సు లేకుండానే, పర్యావరణ నియంత్రణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ (1996కు ముందు దాని పూర్వ సంస్థలు), పని భద్రతను చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌ల పర్యవేక్షణలో నడిచింది. అదే పద్ధతిని ఇప్పుడు విద్యుత్ కేంద్రాలకు కొనసాగిస్తున్నారు. ఇది సహేతుకమైన నిర్ణయమే అయినా, జెట్ అనుభవం ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. దాని చివరి రికార్డు అయిన 69 మెగాజౌళ్ల శక్తికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు, 1,000 మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా పుట్టించాలంటే సుమారు 55 కిలోల ట్రిటియం కావాలి. ఫ్రాన్స్ వేరే దారి పట్టి, తన గడ్డపై కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ ప్రయోగ కేంద్రం ‘ఇటర్’ను 2012లో అణు కేంద్రంగానే అనుమతించింది.

వెస్ట్ బర్టన్‌లో గాలిలోకి, నీటిలోకి ఎంత ట్రిటియం వదలవచ్చో, వ్యర్థాలను ఏం చేయాలో 2016 నాటి పర్యావరణ అనుమతుల నిబంధనల కింద ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ నిర్ణయిస్తుంది. 2017 నాటి అయనీకరణ వికిరణ నిబంధనలు సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ వికిరణ మోతాదు పరిమితిని విధిస్తున్నాయి. చుట్టుపక్కలవారికి ముప్పు రాకుండా సహేతుకంగా సాధ్యమైనంత వరకు చూడవలసిన బాధ్యతను 1974 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ చట్టంలోని 3వ సెక్షను నిర్వాహకుడిపై పెడుతోంది.

ఇక నష్టపరిహారం సంగతి. 1965 చట్టం కింద లైసెన్సు పొందిన కేంద్రం వల్ల నష్టం జరిగితే, నిర్వాహకుడి తప్పును బాధితుడు రుజువు చేయనక్కర్లేదు. శారీరక హానికి 30 ఏళ్ల వరకు దావా వేయవచ్చు. ఫ్యూజన్ కేంద్రానికి లైసెన్సు ఉండదు కాబట్టి ఆ సౌకర్యమూ వర్తించదు. మిగిలేది సాధారణ న్యాయసూత్రాలు. ప్రమాదకర పదార్థాన్ని తన స్థలంలో ఉంచుకున్నవాడే, అది బయటపడితే కలిగే నష్టానికి బాధ్యుడన్న 1868 నాటి రైలాండ్స్ తీర్పు ఆస్తి నష్టానికి పనికిరావచ్చు గానీ, శారీరక హానికి వర్తించదని న్యాయస్థానాలు చెప్పాయి. కాబట్టి అనారోగ్యం కలిగితే నిర్లక్ష్యాన్ని, దానికీ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని మీరే రుజువు చేయాలి. దావాకు గడువు, హాని గురించి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే. ఏళ్ల తరువాత బయటపడే క్యాన్సరుకు కారణం ఇదేనని ఒక కుటుంబం నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. పార్లమెంటు పూరించవలసిన లోటు ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఇల్లు కొనేముందు బీమా పత్రంలో రేడియోధార్మికతకు సంబంధించిన మినహాయింపును పదం పదం చదవండి. చాలా పాలసీలు ‘అణు ఇంధనం, అణు వ్యర్థం’ అనే మాటలు వాడతాయి. ట్రిటియం వాటి కిందికి వస్తుందా అని కంపెనీని లిఖితపూర్వకంగా అడిగి, జవాబును భద్రపరచండి. మాటకు రెండర్థాలు వస్తే వినియోగదారుడికి అనుకూలమైనదే చెల్లుతుందని 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం 69వ సెక్షను చెబుతోంది.

50 మెగావాట్లు మించిన ఇలాంటి కేంద్రానికి డెవలప్‌మెంట్ కన్సెంట్ ఆర్డరు (జాతీయ ప్రాధాన్యం గల ప్రాజెక్టులకు ప్రభుత్వం ఇచ్చే నిర్మాణ అనుమతి) తప్పనిసరి. ఆ దరఖాస్తు పరిశీలనకు వచ్చినప్పుడు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ వద్ద ఆసక్తిగల పక్షంగా పేరు నమోదు చేసుకుని, స్థలంలో ఉంచే ట్రిటియం గరిష్ఠ పరిమాణం, అత్యవసర ప్రణాళిక, నిర్వాహకుడి బాధ్యతా బీమా, ఈ మూడింటిపై రాతపూర్వకంగా ప్రశ్నలు వేయండి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనుమతిపై ప్రజాభిప్రాయం కోరినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు పంపవచ్చు.