టోనర్ షాపులో చేరితే డిప్లొమా వృథా అయినట్టేనా?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పాసయ్యాడు. ఇప్పుడు ఎస్పీ రోడ్డులో ఒక ప్రింటర్ సర్వీసు షాపులో చేరి లేజర్ ప్రింటర్ల కార్ట్రిడ్జ్‌లు రీఫిల్ చేస్తున్నాడు. 1,20,000 రూపాయలు కట్టి డేటా సైన్స్ కోర్సులో చేరుస్తానంటే వద్దంటున్నాడు. డిప్లొమా చదివి పొడి నింపే పనా? రెండింటినీ పోల్చి దేనికి భవిష్యత్తు ఉందో చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీ అసలు ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది. మొబైల్ రిపేరు, సీసీ కెమెరాలు, ఏసీ మెకానిక్ పని అంటూ పని పేరు మారుతుంది గానీ, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్ళ భయాలు రెండు. పిల్లవాడు వెనకబడిపోతాడేమోనని ఒకటి, నలుగురిలో చిన్నతనం అవుతుందేమోనని ఇంకొకటి. మొదటిదానికి నేను జవాబు చెప్పగలను. రెండోది మీది. దాన్ని తీసుకెళ్ళి వాడి నెత్తిన పెట్టకండి. బంధువులు అడిగితే ప్రింటర్ టెక్నీషియన్‌గా చేస్తున్నాడని చెప్పండి. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ముందు ఆ ‘పొడి’ సంగతి చూద్దాం. టోనర్ అంటే ఎండిన సిరా కాదు. మైనం, నల్ల రంగుకు కార్బన్ బ్లాక్ కలిపిన సన్నటి ప్లాస్టిక్ అది. ఒక్కో రేణువు సుమారుగా 10 మైక్రాన్ల లోపే ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో తిరిగే డ్రమ్ అనే గొట్టం మీద లేజర్ గీసిన చోట స్థిర విద్యుత్తుతో అంటుకుని, కాగితం మీదికి దిగి, ఫ్యూజర్ అనే వేడి భాగంలో దాదాపు 200 డిగ్రీల వేడికి కరిగి అతుక్కుంటుంది. ఒక మెషీన్‌కు సరిపోయే పౌడర్ ఇంకోదానిలో పోస్తే అక్షరాలు సరిగ్గా పట్టవు, లేదా పేజీ అంతా బూడిద రంగు తేలుతుంది.

ఇప్పుడు మీవాడి బల్ల ముందుకు ఒక కస్టమర్ వచ్చాడనుకోండి. చేతిలోని పేజీలో ఒకే నల్లచుక్క కిందిదాకా మళ్ళీ మళ్ళీ పడి ఉంది. పని వచ్చినవాడు ముందు స్కేలు తీస్తాడు. హెచ్‌పీ 12ఎ కార్ట్రిడ్జ్‌లో డ్రమ్ వ్యాసం 24 మిల్లీమీటర్లు. అది ఒక చుట్టు తిరిగితే 75 మిల్లీమీటర్ల చిల్లర. చుక్కల మధ్య అంత దూరం ఉంటే లోపం డ్రమ్‌ది. అందులో సగమే ఉంటే డ్రమ్‌కు విద్యుత్తు ఎక్కించే ఛార్జింగ్ రోలర్‌ది, షాపు మాటల్లో పీసీఆర్‌ది. వేలితో రుద్దితే అక్షరాలు చెరిగిపోతున్నాయంటే కార్ట్రిడ్జ్ సంగతి తర్వాత, ముందు ఫ్యూజర్ చూడాలి. పని తెలియనివాడు ఈ మూడింటికీ కొత్త కార్ట్రిడ్జ్ అమ్మేస్తాడు. ఇది మీవాడు డిప్లొమాలో చదివిన ఎలక్ట్రానిక్సే, చేత్తో చేస్తున్నాడంతే.

ఏ కార్ట్రిడ్జ్ కొనాలో చెప్పడమూ విద్యే. 12ఎకి 2,000 పేజీలు, 88ఎకి 1,500 పేజీలు అని కంపెనీ రాస్తుంది. అవి పేజీలో 5 శాతం మేర మాత్రమే నలుపు పడే లెక్కన వచ్చే సంఖ్యలు, అంటే చిన్న ఉత్తరం లాంటి పేజీకి. ఆధార్ జిరాక్సులు, ఫొటోలున్న ఫారాలు తీసే షాపులో అన్ని పేజీలు రావు. ‘మోసం చేశారు’ అని వచ్చే కస్టమర్లలో చాలామందికి ఈ ఒక్క మాట వివరిస్తే చాలు. 12ఎలో డ్రమ్ కూడా లోపలే ఉంటుంది కాబట్టి పౌడర్ ఎన్నిసార్లు నింపినా డ్రమ్ అరుగుతూనే ఉంటుంది. బ్రదర్ మెషీన్లలో డ్రమ్ వేరు, టోనర్ వేరు. అక్కడ డ్రమ్ పోతే టోనర్ మార్చి లాభం లేదు.

ఇక ప్రింటర్ కంపెనీ అమ్మే ఒరిజినలా, బయటి కంపెనీ చేసిన కంపాటిబులా, రీఫిల్లా అన్నది వాడకాన్ని బట్టి చెప్పాలి. వారంటీలో ఉన్న కొత్త మెషీన్‌కు, కోర్టులో ఇచ్చే కాగితాలకు ఒరిజినలే మేలు. ట్యూషన్ సెంటర్ ప్రశ్నపత్రాలకు మంచి రీఫిల్ చాలు. కంపాటిబుల్ కొనేముందు, ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ను గుర్తుపట్టే చిప్ సంగతి చూసుకోవాలి. కొన్ని హెచ్‌పీ ప్రింటర్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక బయటి చిప్‌లు ఆగిపోతాయి, నిన్నటిదాకా నడిచినా సరే. ఇవన్నీ అడక్కుండానే చెప్పే కుర్రాడి దగ్గరికి ఆఫీసులు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మరి భవిష్యత్తు ఉందా అంటే, రీఫిల్లింగ్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే లేదు. కస్టమరే టోనర్ నింపుకునే హెచ్‌పీ నెవర్‌స్టాప్ లాంటి మెషీన్లు 2019లోనే వచ్చాయి, చిప్‌ల అడ్డం పెరుగుతోంది. కానీ రీఫిల్లింగ్ మొదటి మెట్టు. తర్వాత ఫ్యూజర్, గేర్లు, నెట్‌వర్క్ సెటప్, పెద్ద కాపియర్లు. ఆపైన పేజీకి ఇంత అని మాట్లాడుకుని ఆఫీసుల ప్రింటర్లన్నీ చూసుకునే కాంట్రాక్టులు. బెంగళూరులో అలాంటి ఆఫీసులకు కొరత లేదు. చేతిలో ఒక కాగితం ఉండాలనుకుంటే ఫీల్డ్ టెక్నీషియన్, కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్ అనే స్కిల్ సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చు.

డేటా సైన్స్ గురించి నా అనుమానాలు దాచను. ఆ రంగం మంచిదే. నాకు భయం మీరు చెప్పిన కోర్సు లాంటివాటితో. ఆరు నెలల్లో ఉద్యోగం అని బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. సంతకం పెట్టే కాగితంలో మాత్రం ఉద్యోగం వెతకడంలో సాయం చేస్తాం అనే ఉంటుంది. ఆ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో డబ్బు కట్టాక తెలుస్తుంది. చాలాచోట్ల ఫీజు లోన్‌గా మారుస్తారు. పిల్లవాడు మధ్యలో మానేసినా తండ్రి పేరు మీద ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. డిగ్రీ ఉన్నవాళ్ళు, ఇంజనీరింగ్ చేసినవాళ్ళు అవే కొలువుల కోసం వరసలో ఉన్నారు. డిప్లొమాకు ఒక సర్టిఫికెట్ తోడైతే వాళ్ళను దాటేస్తాడని ఎవరైనా చెబితే నమ్మకండి. గణాంకాలంటే వాడికి నిజంగా ఇష్టమైతే ఐఐటీల వాళ్ళ ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఓ నెల రాత్రిపూట చూడమనండి. ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ డిగ్రీ ఉంది, పని చేస్తూనే చదవొచ్చు. ఇష్టం లేనివాడిని 1,20,000 కట్టి కూర్చోబెడితే మీ డబ్బు, వాడి ధైర్యం రెండూ పోతాయి.

మీ ఉత్తరమంతా వెతికాను. వాడు ఎందుకు వద్దంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా? అడిగి ఉంటే రాసేవారే అనుకుంటున్నాను. ఫీజు ఎంతో తెలుసుకున్నారు, బంధువులు ఏమంటారో ఆలోచించారు, ఇంట్లో ఉన్నవాడిని కూర్చోబెట్టి వినలేదు. పైగా పొడి నింపే పని అంటున్నారు. ఆ మాట వాడి ముందు అనకండి. ఇరవై ఏళ్ళ పిల్లవాడు నాన్న నోటి నుంచి విన్న తక్కువ మాటను చాలాకాలం మోస్తాడు.

కంగారు పడకండి. డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్‌లో చేరడానికి రాసే డీసెట్, ఈసెట్ పరీక్షల వివరాలు మీకు తెలిసినవే, వాటిలోకి వెళ్ళను. ఒక ఏడాది పని చేసినంత మాత్రాన డిప్లొమా విలువ పోదు. ఇంజనీరింగ్ చదవాలనిపిస్తే ఆ తర్వాతా చేరొచ్చు. చేత్తో పని తెలిసినవాడికి క్లాసులో పాఠం తొందరగా ఎక్కుతుంది.

మీరు కనుక్కోవాల్సినవి వేరే ఉన్నాయి. షాపులో మాస్కు పెట్టుకుంటున్నాడా? గాలి ఆడుతుందా? చేతులకు, బట్టలకు టోనర్ అంటితే చన్నీళ్ళతోనే కడగమనండి, వేడినీళ్ళు తగిలితే అంటుకుపోతుంది. రాలిన పౌడర్‌ను మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో తీయొద్దని చెప్పండి. ఇంకొకటి ముఖ్యంగా అడగండి. డ్రమ్ మీద నుంచి గీకి తీసిన వేస్ట్ టోనర్‌ను ఓనర్ పారబోయిస్తున్నాడా, తిరిగి నింపిస్తున్నాడా? అందులో కాగితపు దుమ్ము ఉంటుంది, అది డ్రమ్‌ను గీసేస్తుంది. తిరిగి నింపించే షాపైతే అక్కడ వాడు నేర్చుకునేది తప్పుడు పనే, వెంటనే ఇంకో చోటు చూసుకోమనండి. మంచి షాపైతే ఆరు నెలలయ్యాక ఫీల్డ్ కాల్స్‌కు పంపమని, జీతం ఇంత అని తేల్చమని వాడినే అడగనివ్వండి. మీరు వెళ్ళి మాట్లాడొద్దు.

కోర్సు కోసం పక్కన పెట్టిన డబ్బు బ్యాంకులోనే ఉంచండి. రెండు మూడేళ్ళ తర్వాత సొంతంగా మొదలుపెడతానంటే టూల్స్, పౌడర్ స్టాకు, షాపు అడ్వాన్సు అవసరమవుతాయి. ముద్రా శిశు లోన్ 50,000 రూపాయల వరకే ఇస్తుంది, మిగతాది మీరు సర్దవచ్చు.