నాయనమ్మ జీవిత చరిత్ర రాయబోతున్న మనవరాలికి

బంగారు తల్లీ,

నిన్న ఫోన్లో సరిగ్గా మాట్లాడలేకపోయా, ఇంటినిండా జనం, ఒకళ్లు వెళ్తుంటే ఇంకొకళ్లు వస్తున్నారు. నాయనమ్మ పోయింది కదా, ఆమె జ్ఞాపకార్థం పెట్టే ఆదరణ కూడికలో చదవడానికి ఆమె జీవిత చరిత్ర నిన్ను రాయమన్నారంటగా, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు పెదనాన్నా అన్నావు. మన సంఘంలో ఎవరు పోయినా "మాస్టారూ, నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అని నా దగ్గరికే వస్తారు, ఏళ్ల తరబడి ఈ పని చేస్తూనే ఉన్నా కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు.

ముందుగా, 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు రావడం దగ్గర్నుంచి మాత్రం మొదలెట్టకు. నవ్వకు, నిజంగానే అలా మొదలెడతారు చాలామంది, మిషన్ చరిత్రంతా చెప్పుకుంటూ వచ్చి అసలు మనిషి పుట్టేసరికి పెండాల్ కింద సగంమంది ఫోన్లు చూసుకుంటుంటారు. మీ నాయనమ్మ, అంటే మా పెద్దమ్మ, గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ చేసింది కాబట్టి నీకు డాక్టర్ కుగ్లరమ్మ గారు 1883లో అమెరికా నుంచి రావడం గురించి రాయాలనిపిస్తుంది, ఒక్క వాక్యం రాయి చాలు, అదీ ఎందుకంటే ఆ కాలంలో మగ డాక్టరు ముందుకి రాని ఆడవాళ్ల కోసం మొదలైన ఆసుపత్రి అది, పెద్దమ్మ పల్లెటూళ్లో చేసిందీ సరిగ్గా అదే పని గనక.

తేదీల సంగతి. సర్టిఫికెట్లో పుట్టినరోజు జూలై 1 అని ఉంటుంది, నమ్మకు. ఆ రోజుల్లో బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు లెక్క సరిపోయేట్టు ఏదో ఒక తేదీ వేసేవాడు, మా బ్యాచ్‌లో కూడా సగంమంది జూన్ జూలైల్లోనే పుట్టాం మరి. పారిష్ ఆఫీసుకి వెళ్లి బాప్తిస్మ రిజిస్టర్ చూపించమని పాస్టర్ గార్ని అడుగు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి పేరు అన్నీ అందులో ఉంటాయి. నాకు గుర్తున్నంతవరకు సర్టిఫికెట్ ప్రకారం చూస్తే పెద్దమ్మ పుట్టకముందే బాప్తిస్మం తీసుకున్నట్టు లెక్క తేలుతుంది! పెళ్లి తేదీకి మ్యారేజ్ రిజిస్టర్ చూడు. పేరు కూడా ఇంట్లో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి, ఎందుకో మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే, గుడిలో పిలిచిన పేరే రాయి, రెండోదాని జోలికెళ్లకు.

రిజిస్టర్ల కన్నా ముందు చూడాల్సింది ఆమె బైబిలు. ముందూ వెనకా ఖాళీ పేజీల్లో పిల్లల పుట్టుకలు, చావులు, ఎవరికి ఎప్పుడు ఉద్యోగం వచ్చిందో అన్నీ రాసుకునేది. అందులో నీకు తెలియని పేరు ఒకటి కనపడుద్ది. మీ నాన్నకీ బాబాయికీ మధ్యలో ఒక ఆడపిల్ల పుట్టి నెలల బిడ్డగానే పోయింది, ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెద్దమ్మ మాత్రం తనకి ఎంతమంది పిల్లలని ఎవరన్నా అడిగితే ఆ బిడ్డని కలిపే చెప్పేది. ముందు మీ నాన్నని పక్కకి పిలిచి అడుగు, ఆయన సరేనంటే పిల్లల వరుసలో ఆ పేరు రాయి. అడక్కుండా మాత్రం రాయకు, మైకులో వినాల్సిన విషయం కాదది ఆయనకి.

ఇక పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి "నాయనమ్మ గురించి చెప్పండి" అని అడిగితే ఎవరైనా సరే "చాలా మంచిది, ప్రార్థనాపరురాలు" అంటారు, అంతకుమించి రాదు. ఏదో ఒక వస్తువు చేతిలో పెట్టి అడుగు. పాత ఫోటో, ఆ కాన్పుల సంచి, కళ్లజోడు, ఏదైనా సరే. సంవత్సరం గుర్తురాకపోతే సంవత్సరం అడగొద్దు, సాగర్ కాలవకి నీళ్లొచ్చాయే, దానికి ముందా తర్వాతా అని అడుగు (నీళ్లు వదిలింది 1967లో), దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అని అడుగు. మన రేపల్లె వైపు వాళ్లకి ఉప్పెన కన్నా పెద్ద క్యాలెండర్ లేదు.

ఉప్పెన అన్నా కాబట్టి చెప్తున్నా, ఇది తప్పకుండా రాయి, నేను కళ్లారా చూసింది. 1977 నవంబర్ 19, శనివారం, నేనప్పుడు పదో తరగతి. పెద్దమ్మ వాళ్ల ఇంటి కప్పు సగం లేచిపోయింది, అయినా మర్నాడు ఆదివారం పొద్దున్నే బడి వరండాలో రాళ్ల పొయ్యి పెట్టి గంజి కాచడం మొదలెట్టింది. ఆ బియ్యం ఎక్కడివనుకున్నావు, స్త్రీల సమాజం పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసి, అవన్నీ నెలకోసారి గుడికి తెచ్చేవాళ్లు కదా, అవి అమ్మి గుడికి పెట్రోమాక్స్ లైటు కొనాలని ముందే అనుకున్నారు. కమిటీ పెద్దమనిషి ఒకాయన "తీర్మానం లేకుండా ఎలా వాడతావమ్మా" అంటే "తీర్మానం తర్వాత రాసుకోండి, ముందు కట్టెలు పట్రండి" అంది. ఆయనే తెచ్చాడు కూడా. ఎవరే పేటోళ్లు అని చూడకుండా ఆ వరండాలోనే అందరూ కూర్చుని తాగారు, ఆ రోజుల్లో మన ఊళ్లో అది చిన్న విషయం కాదు. కాసా లాంటి క్రైస్తవ సహాయ సంస్థలు వచ్చి తీరంలో తుఫాను షెల్టర్లు కట్టడం ఇవన్నీ ఆ తర్వాత సంగతులు, మొదటి రోజు మాత్రం ఆ డబ్బా బియ్యమే.

చూశావా, ఇందులో దయగలది, ధైర్యవంతురాలు అనే మాటలు ఎక్కడా లేవు. ఆడవాళ్లెవరు పోయినా సామెతలు 31 తీసి గుణవతి అని చదివేస్తారు, వాక్యం మంచిదే, నేను కాదనను, కానీ ప్రతి ఇంట్లో అదే చదివితే ఎవరు పోయారో తెలీదు. నన్నడిగితే అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం. దొర్కా చనిపోతే పేతురు వచ్చినప్పుడు ఆ విధవరాళ్లు ఆమె గుణగణాలు వర్ణించలేదు, ఆమె కుట్టిచ్చిన బట్టలు తెచ్చి చూపించారు. నువ్వూ అలాంటివి వెతుకు. మన కుటుంబం బయట వాళ్లని అడిగితేనే దొరుకుతాయి, పాలు పోసే ఆమెని అడుగు, సాయిబుల వీధిలో బూబమ్మ గార్ని అడుగు, ఆమె ముగ్గురు పిల్లల కాన్పులూ పెద్దమ్మే చేసింది, రంజాన్ సేమ్యా ఆ ఇంటి నుంచి రాని ఏడాది లేదు. "వేలాది కాన్పులు చేశారు" అని మాత్రం రాయకు, లెక్క ఎవరి దగ్గరా లేదు.

కోపం గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. కోడళ్లని పనిలో పెట్టి తినేసేది, మీ అమ్మకి తెలుసు. కోతకాల పండుగకి గుడికి తెచ్చిన కానుకల వేలంపాటలో ఎవరితోనో పంతానికి పోయి గుమ్మడికాయని కోడిపెట్ట ధరకి పాడిన సంగతి రాస్తే జనం నవ్వుతారు, నవ్వనీ. పాస్టర్ గారు ఏమీ అనుకోరు.

మనవలు మనవరాళ్ల ఉద్యోగాలు, దేశాలు రాయకు, పేర్లు చాలు, వయసు వరసలో. అమెరికా అల్లుడి పేరు ముందొచ్చి ఊళ్లో ఉండి చివరిదాకా మందులేసిన కోడలి పేరు ఆఖరికి పోయిన కాయితాలు నేను చాలా చూశా. చిన్నకోడలు చేసిన సేవకి విడిగా ఒక వాక్యం రాయి, మర్చిపోయావంటే కూడిక అయ్యాక ఏడాది దాకా ఇంట్లో ఆ మాటే నడుస్తుంది.

మొత్తం రెండు పేజీలు దాటనీకు, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయి, లైన్ల మధ్య ఎడం ఉండాలి. నువ్వే చదువుతానంటే చదువు గానీ ముందు రెండుసార్లు గట్టిగా చదువుకో, ఏడుపు ఎక్కడొస్తదో అప్పుడే తెలిసిపోద్ది. ఇంకో కాపీ మీ బాబాయి కొడుకు చేతిలో ఉంచు, నువ్వు ఆగిపోతే అక్కణ్ణుంచి వాడు అందుకుంటాడు. పాస్టర్ గారికి కూడా ముందురోజే ఒకటి ఇచ్చెయ్, ప్రసంగంలో ఆయన మళ్లీ అవే చెప్పకుండా.

గురువారం రాత్రికల్లా నాకు వాట్సాప్ చెయ్, పీడీఎఫ్ పంపకు, నా ఫోన్లో తెరుచుకోదు, మామూలుగా టైప్ చేసి పెట్టు. భోజనాల సంగతి, షామియానా సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతా, అవేవీ నువ్వు నెత్తినేసుకోకు.

మీ పెదనాన్న