కిడ్నీతో పాటు మూలుగ కూడా ఇస్తే మందులు అక్కర్లేదా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. పది నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడు. నా కిడ్నీ ఇస్తున్నాను, పరీక్షలన్నీ అయిపోయాయి. దాతే ఎముక మూలుగ కూడా ఇస్తే ఇక మందులు వాడనక్కర్లేదని మా మేనల్లుడు ఫోన్లో చూపించాడు. నిజమేనా డాక్టర్ గారూ? ఆ పద్ధతి ఇక్కడికి వచ్చేదాకా ఆగమంటారా?
– ఓ తల్లి, నల్గొండ

జవాబు: ఆగొద్దమ్మా. డయాలసిస్ మీద గడిచే ఒక్కో నెలా మీ వాడి గుండె మీద భారం వేస్తుంది.

మీ మేనల్లుడు చూపించింది మాత్రం అబద్ధం కాదు. వీధి కుక్క కొత్తవాళ్లను చూస్తే మీద పడుతుంది, కూనగా ఉన్నప్పటి నుంచీ చూసినవాళ్ల జోలికి పోదు. మన రక్తంలోని తెల్లకణాలూ అంతే, వేరేవాళ్ల కిడ్నీ కనిపిస్తే దాని మీద పడతాయి. వాటిని ఆపడానికే ఆపరేషన్ తర్వాత రోజూ మందులు వాడేది. కవల దూడలు కడుపులో ఉండగా వాటి రక్తనాళాలు కలిసిపోతుంటాయి. దాంతో ఒకదాని రక్తకణాలు రెండోదానిలో పెద్దయ్యాక కూడా ఏ పేచీ లేకుండా ఉండిపోతాయని రే ఓవెన్ అనే శాస్త్రవేత్త 1945లోనే గమనించాడు. తెల్లకణాలు పుట్టేది మూలుగలో. అందుకే దాత మూలుగను కూడా ఎక్కిస్తే, కొత్తగా పుట్టే కణాలు దాత కిడ్నీని కూడా తమదే అనుకుంటాయన్నది ఆలోచన.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో దీన్ని చేసి చూశారు. 2008లో ప్రకటించిన ఫలితాల్లో ఐదుగురు రోగులున్నారు. వాళ్లకూ దాతలకూ సగమే మ్యాచ్, అంటే మీకూ మీ అబ్బాయికీ ఉన్నట్టే. నలుగురు మందులు ఆపగలిగారు. ఒకరికి ఆ కిడ్నీ దక్కలేదు. ఇలా మందులు ఆపినవాళ్లలో కొందరు కొన్నేళ్లకు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

పైగా కొత్త మూలుగకు చోటు కావాలంటే రోగి మూలుగను ముందుగా అణచాలి. అందుకు క్యాన్సర్‌కు వాడే మందు, రేడియేషన్ ఇస్తారు. కొన్నాళ్లు రక్తకణాలు పడిపోతాయి, ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. ఎక్కించిన కణాలే రోగి ఒంటి మీద తిరగబడే ప్రమాదం కూడా ఉంది. నేను దీన్ని ఆశతో చూస్తున్నాను. ఈ రోజు మీ అబ్బాయికి మాత్రం రాయలేను.

మందుల గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. చేతులు వణకడం, షుగర్ రావడం, ఇన్ఫెక్షన్లు... ఇవన్నీ ఉంటాయి. డోసు సర్దితే చాలామందికి తగ్గుతాయి. కానీ మానేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఆపరేషన్ అయిన రెండేళ్లకు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది) 1.1 ఉన్న ఒక కుర్రాడు ‘బాగానే ఉన్నాను కదా’ అని ఎవరికీ చెప్పకుండా మందులు మానేశాడు. నాలుగు నెలల తర్వాత కాళ్ల వాపుతో వచ్చాడు. సాక్సు తీస్తే ఎలాస్టిక్ ఉన్నచోట వేలు పట్టేంత గుంట. క్రియాటినిన్ 6.8. ఆ కిడ్నీ ఇచ్చింది వాళ్లమ్మే. ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, ఫైలు ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుండిపోయింది.

ఆపరేషన్ అయ్యాక వాడే ఆ మందుల్లో టాక్రోలిమస్ ఒకటి. అది రక్తంలో ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకు వెళ్లే రోజు పొద్దుటి డోసు వేసుకోకుండా వెళ్లాలని మీ వాడికి చెప్పండి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మళ్లీ రాయండమ్మా, దాతగా మీరు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి అప్పుడు చెబుతాను.