ఈత రాని 18 మందితో జాలీ బాయ్ ద్వీపానికి వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇదీ: బంధువులంతా కలిసి 18 మంది డిసెంబర్‌లో అండమాన్ వెళ్తున్నారు. ఒకరిద్దరికి తప్ప ఎవరికీ ఈత రాదు, 60 దాటినవాళ్ళూ ఉన్నారు. పగడాలు చూడడానికి ఒక్కరోజే ఉంది. నార్త్ బే మంచిదా, జాలీ బాయ్ మంచిదా?

జాలీ బాయ్. ఇందులో రెండో మాట లేదు. నార్త్ బే పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) ఎదురుగానే ఉంటుంది, పాత 20 రూపాయల నోటు వెనక కనిపించే లైట్‌హౌస్ అక్కడిదే. బోటులో కాసేపట్లో చేరిపోవచ్చు. కానీ అక్కడ దిగగానే జెట్ స్కీ, సీ వాక్, బనానా బోట్ అంటూ బేరాలు మొదలవుతాయి. గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో టికెట్ దగ్గర ఆగిపోతారు, వాళ్ళకోసం వీళ్ళు, వీళ్ళకోసం వాళ్ళు ఎదురుచూడడంలోనే పూట గడిచిపోతుంది. ప్యాకేజీవాళ్ళు రాస్ ఐలాండ్ (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం), నార్త్ బే రెండూ ఒకే రోజులో కుక్కుతారు. రెండూ చూశామన్న పేరే మిగులుతుంది.

జాలీ బాయ్ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉన్న చిన్న ద్వీపం. 1983లో ఏర్పడిన ఈ పార్కులో మొత్తం 15 ద్వీపాలున్నాయి. అందరినీ అన్నిటికీ వెళ్ళనివ్వరు. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికి ఏడాదిలో సగం జాలీ బాయ్, మిగతా సగం రెడ్ స్కిన్ ద్వీపం తెరుస్తారు. డిసెంబర్ జాలీ బాయ్ కాలమే. సోమవారం పార్కుకి సెలవు, విమానం టికెట్లు కొనేముందే ఈ సంగతి చూసుకోండి. అటవీ శాఖ అనుమతి లేకుండా బోటు ఎక్కనివ్వరు కాబట్టి ముందురోజే 18 మంది గుర్తింపు కార్డుల కాపీలతో ఆ పని ముగించండి. బోటు బయల్దేరేది వండూర్ జెట్టీ నుంచి. పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు మీద గంట పడుతుంది. పెద్ద గ్రూపు హోటల్ గుమ్మం దాటడానికే అరగంట తింటుంది, కాబట్టి ఆరున్నరకు వాహనం కదలాలంటే అందరికీ ఆరింటికే అని చెప్పండి. అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం 5 దాటగానే చీకటి పడిపోతుంది. పొద్దున పోయిన గంట సాయంత్రం తిరిగి రాదు.

వండూర్ బీచ్ అందంగా ఉంటుంది, బోటు కోసం ఎదురుచూస్తూ పిల్లలు నీళ్ళలోకి పరుగెత్తుతారు. ఆపండి. ఉప్పునీటి మొసళ్ళు తిరిగే చోటు అది. హెచ్చరిక బోర్డులూ, వల కట్టిన హద్దులూ అందుకే పెట్టారు.

ద్వీపంలో కొట్టు లేదు, టీ దొరకదు. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు, ప్లాస్టిక్ కవర్లు, ప్యాకెట్లు లోపలికి రానివ్వరు. పోయిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దాయన సిబ్బందితో గొడవకి దిగడం, చిప్స్ ప్యాకెట్ కోసం వెనక 40 మంది నిలబడడం కనిపిస్తూనే ఉంటుంది. ఆ గట్టితనం వల్లే ఆ ఇసుక ఇంకా తెల్లగా ఉంది. స్టీలు సీసాల్లో మనిషికి 2 లీటర్ల నీళ్ళు, స్టీలు క్యారేజీల్లో పులిహోర, పెరుగన్నం, చపాతీలు. అంతే చాలు. ఉల్లి, వెల్లుల్లి ఘాటున్న కూరలు, నూనె కారే పూరీలు బోటు ప్రయాణానికి పనికిరావు. కడుపు ఖాళీగా ఉన్నా తిప్పుతుంది, నిండుగా ఉన్నా తిప్పుతుంది, అందుకని బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు సరిపోతాయి. వాంతుల మాత్ర వేసుకునే అలవాటున్నవాళ్ళు బోటెక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక మింగితే అది లోపల నిలవదు. కూర్చోవడానికి బోటు మధ్యభాగం, కాస్త వెనక. బోటు ముందు కొసలో ఊపు ఎక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టాలి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో మనకు తెలుసు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర సామర్థ్యానికి మించి ఎక్కించిన పర్యాటకుల బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. మీ బోటుకి ఎందరు ప్రయాణికులకు అనుమతి ఉందో పక్కన రాసి ఉంటుంది, తలలు లెక్కపెట్టండి. ఎక్కువైతే దిగిపోండి, డబ్బు పోతే పోనీ. జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాక ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. చెవుల దాకా లేచిందంటే అది నీళ్ళలో జారిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగి తాళ్ళు బిగించడం రక్షణ కాదు, వాళ్ళ కొలతది అడిగి తీసుకోండి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే ఇంకా మేలు.

ద్వీపం దగ్గర జెట్టీ లేదు. పెద్ద బోటు కాస్త దూరంలో లంగరేస్తుంది, అక్కడినుంచి అడుగున అద్దం ఉన్న చిన్న బోటులోకి మారాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ రోజు మొత్తంలో కష్టమైన ఘట్టం ఇదే. రెండు బోట్లూ ఒకే లయలో లేవవు. పెద్దవాళ్ళు భయపడి, బోట్లు దూరం జరుగుతున్నప్పుడే కాలు చాస్తారు. చిన్న బోటు అల మీద పైకి లేచిన క్షణంలో, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, బోటువాడి మణికట్టు పట్టుకుని ఒక్క అడుగు వేయాలి. సంచులు ముందుగా వేరేవాళ్ళు అందిస్తారు. చీరలో వచ్చిన అత్తయ్యలు, పిన్నమ్మలు ఇక్కడే తడబడతారు. కుర్తా, లెగ్గింగ్ వేసుకోమనండి, చున్నీ వద్దు. నీళ్ళలో దిగేవాళ్ళకు నూలు బట్టలు తడిసి బరువెక్కుతాయి, జీన్స్ మరీ దారుణం. ఒంటికి అతుక్కునే పాలిస్టర్ పొడుగు చేతుల చొక్కా మంచిది. బోర్లా తేలేటప్పుడు ఎండ వీపుకీ, మెడకీ, మోకాళ్ళ వెనకకీ తగులుతుంది, మరునాడు కూర్చోలేరు.

ఇక అసలు విషయం. మీరు ఈత గురించి అడిగారు. స్నార్కెలింగ్‌లో, అంటే కళ్ళకు మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కిందికి చూడడంలో, ఈత రానివాళ్ళను గైడ్ గాలి నింపిన ట్యూబు పట్టించి లాక్కెళ్తాడు, జాకెట్ తేలుస్తుంది. జనం భయపడి వెనక్కి వచ్చేసేది మాస్కు వల్ల. ప్రతి గ్రూపులోనూ ఒక బాబాయి ఉంటారు, చక్కటి మీసం. మాస్కు పెట్టుకుంటారు, ముఖం నీళ్ళలో పెట్టగానే ముక్కు కింద నుంచి సన్నగా నీళ్ళు ఊరతాయి. గైడ్ వచ్చి పట్టీ బిగిస్తాడు. ఇంకా కారుతుంది. ఇంకా బిగిస్తాడు. బుగ్గల మీద గీతలు పడతాయి, కళ్ళు మండుతాయి, ముక్కులోకి ఉప్పునీరు పోయి దగ్గొస్తుంది. "నావల్ల కాదురా" అని ఒడ్డుకొచ్చి కూర్చుంటారు. అంత దూరం వచ్చింది ఆ పది నిమిషాల కోసం, అది పోయింది.

కారణం చిన్నది. మాస్కు అంచు చర్మానికి అంటుకోవాలి, మీసం వెంట్రుకల సందుల్లోంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. పట్టీ బిగించేకొద్దీ మెత్తటి అంచు ముడతపడి కొత్త సందులు పుడతాయి. మీసం మీద, ముక్కు కింద కాస్త వాసెలీన్ దట్టంగా రాయండి, లేదా ముక్కుకి ఆనుకున్న వరసలో కొద్దిగా కత్తిరించండి. ఆడవాళ్ళకు ఇదే బాధ ముంగురుల వల్ల వస్తుంది, ఒక్క వెంట్రుక అంచు కింద ఉన్నా చాలు, వేలితో చుట్టూ తోసేయాలి. మాస్కు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసినా నిలబడితే అది మీది, పడిపోతే ఇంకొకటి అడగండి. గట్టి ప్లాస్టిక్ అంచున్నవి ఒప్పుకోవద్దు, సిలికాన్ కావాలి. పట్టీ చెవుల పైనుంచి తల వెనక ఎత్తుగా ఉండాలి. ముఖమంతా కప్పేసే కొత్తరకం మాస్కులు కొత్తవాళ్ళకు వద్దే వద్దు, కంగారులో ఊడదీయడం కష్టం. కళ్ళజోడు మీద మాస్కు కూర్చోదు, పవర్ ఎక్కువున్నవాళ్ళు పవర్ అద్దాల మాస్కు సొంతంగా కొనుక్కు రావాలి.

అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి వేసి వేలితో రుద్ది, సముద్రపు నీళ్ళతో ఒక్కసారి కడిగేయాలి. అసహ్యపడేవాళ్ళకు ఒక చుక్క బేబీ షాంపూ.

తర్వాత ఊపిరి. గొట్టంలో నిలిచిన పాత గాలే ముందు లోపలికి వస్తుంది. భయపడినవాళ్ళు పైపైన గబగబా పీలుస్తారు, దాంతో పాత గాలే తిరిగి తిరిగి వచ్చి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. బయటికి వదలడం పూర్తిగా, నెమ్మదిగా చేయాలి, పీల్చడం దానంతట అదే జరుగుతుంది. గొట్టం కొసను పళ్ళతో మెత్తగా పట్టి పెదాలు మూయాలి. నీళ్ళు వస్తే గట్టిగా "తూ" అని ఊదితే పైనుంచి పోతాయి. ఇదంతా నడుము లోతు నీళ్ళలో, నిలబడి, ముఖం మాత్రం ముంచి ఐదు నిమిషాలు చేయించాలి. హోటల్ బకెట్లో ముందురోజు రాత్రే చేయిస్తే ఇంకా మంచిది. 18 మందిని ఒకేసారి దించకుండా ముగ్గురు చొప్పున దించండి, ఒక పెద్దమనిషి ఒడ్డున కూర్చుని తలలు చూసుకుంటూ ఉండాలి. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకు అద్దపు బోటే చాలు. ముందురాత్రి తాగినవాళ్ళకూ అంతే.

ఒక్క మాట బతిమాలి చెప్తున్నాను. అలసిపోయినప్పుడు కాళ్ళ కింద "రాయి" తగిలితే దానిమీద నిలబడకండి. అది పగడం, ప్రాణి. కొమ్మలు కొమ్మలుగా ఉండే రకాలు మంచి పరిస్థితుల్లో ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, బండల్లా ఉండేవి ఒక సెంటీమీటరు. మనిషి ఎత్తు బండంటే ఎప్పటిదో లెక్కవేసుకోండి. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి, లోపల ఉండి వాటికి తిండి పెట్టే నాచు వెళ్ళిపోతే అలా అవుతాయి. చాలా చచ్చిపోయాయి. బతికి కోలుకున్నదాన్ని మనం మడమతో విరవడమా? గైడ్‌కి చెప్పండి, నిలబడాలంటే ఇసుక చూపించమని. చేపలకు బ్రెడ్, బిస్కెట్లు వేయించే గైడ్లుంటారు, వీడియో బాగా వస్తుందని. వద్దనండి, ఆ చేపల పని పగడాల మీద పెరిగే నాచు మేయడం. సన్‌స్క్రీన్ మీద డబ్బు పెట్టేబదులు చొక్కా మీద పెట్టండి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది పగడాల కోసమే.

నీళ్ళ లోతు కూడా చూడాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం దాదాపు 2 మీటర్లు మారుతుంది. పాటు అడుగంటినప్పుడు పగడాల మీద జానెడు నీళ్ళే ఉంటాయి, ఆ పైన తేలితే పొట్ట గీసుకుపోతుంది. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి గ్రూపు చెప్పిన వేళ మీకు పనికిరాదు. బోటువాళ్ళను తెలుగులో అడిగి చూడండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో చాలా ఉన్నాయి, 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. "అన్నా, ఈరోజు పోటు ఎన్నింటికి?" అంటే ఉన్నమాట చెప్తారు.

ఫోన్‌కి నీళ్ళు చొరని సంచి కొంటే ముందు అందులో టిష్యూ కాగితం పెట్టి బకెట్లో అరగంట ముంచి చూడండి. నీళ్ళలో టచ్ పనిచేయదు, వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసేలా పెట్టుకోండి.

తిరుగు బోటెక్కే ముందు పిల్లల జేబులు ఖాళీ చేయించండి. చచ్చిన పగడం ముక్క అయినా తీసుకెళ్ళడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే, విమానాశ్రయంలో స్కానర్‌లో కనిపిస్తుంది. ఎవరికైనా పగడం గీసుకుంటే చిన్న గీతే కదా అని వదిలేయకండి, సన్నటి ముక్కలు లోపల ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్ళతో, సబ్బుతో బాగా రుద్ది కడిగి, ముక్కలు కనిపిస్తే పట్టకారుతో తీసి, మందు రాసి, మానేదాకా మళ్ళీ సముద్రంలో దిగకూడదు. ఎరుపు చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా మరునాడు హావ్‌లాక్ ద్వీపానికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) టికెట్లున్నా సరే, ముందు డాక్టరుకు చూపించండి.